పార, దంతె, దిమ్మిస ఒకే కామకు: ఊరి కొలిమిలో చేయించిన మెక్‌లౌడ్, రెండు వానాకాలాల వాడకం

అనకాపల్లి జిల్లాలో కొండ పాదాన ఉన్న మా పెదనాన్నగారి జీడి తోటలో మోటారు సైకిళ్ళ కోసం మేము నలుగురం వేసుకున్న మట్టి దారి పొడవు ఇప్పటికి 2.3 కిలోమీటర్లకు చేరింది. వెడల్పు చాలా చోట్ల 24 అంగుళాలు మాత్రమే. ఈ పనికి ట్రాక్టరును గానీ పొక్లెయినును గానీ తోటలోకి దించలేదు. గునపం, పార, చేతిరంపం, వాటితోపాటు నేను ఇక్కడ సమీక్షిస్తున్న పనిముట్టు, ఇదే మా సరంజామా. దీనిని మెక్‌లౌడ్ అంటారు. తెలుగులో దీనికి వాడుకలో ఉన్న పేరేదీ నాకు దొరకలేదు గనుక తోటలో అందరమూ 'పళ్ళపార' అని పిలుచుకుంటున్నాము.

1905లో అమెరికాలోని సియెర్రా జాతీయ అటవీ ప్రాంతంలో రేంజరుగా ఉన్న మాల్కమ్ మెక్‌లౌడ్ దీనిని రూపొందించారు. కార్చిచ్చును ఆపడానికి ఎండుటాకులను గోకి, గడ్డిని వేళ్ళతో సహా చెక్కి, నేలను ఖాళీ పట్టీగా చేయవలసి వచ్చినప్పుడు రెండు పనిముట్లు మోసుకు తిరిగే అవసరం లేకుండా చేయడం ఆయన ఉద్దేశం. ఒక అంచున ఆరు మందపాటి పళ్ళు, ఎదుటి అంచున వెడల్పాటి పదునైన పలక, వాటి మధ్య నుంచి పైకి లేచిన పొడవాటి కామ ఉంటాయి. తల అంతా బల్లపరుపుగా, కామకు లంబంగా ఉంటుంది కాబట్టి నేల మీద పెట్టి చెయ్యి వదిలినా అది నిలబడే ఉంటుంది. ఆ బల్లపరుపు అడుగు వల్లనే దీనితో మట్టిని దిమ్మిస కూడా కొట్టవచ్చు.

ఇటువంటి పనిముట్టు కావాలని మాకు మొదట తెలియదు. మొదటి ఏడాది దారిని పారతోనే తీశాము. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు తోటలో పడిపోయిన చెట్ల స్థానంలో మిగిలిన ఖాళీల గుండా, కొండ మీదికి తిన్నగా ఎక్కేలా దారి తవ్వాము. గరువు నేల, ఎర్ర మట్టి, అడుగున గులకరాయి. జూన్‌లో పడిన మొదటి రెండు భారీ వానలకే ఆ దారి కాలువగా మారింది, మోకాలి లోతు కోత పడింది, కొట్టుకుపోయిన మట్టి అంతా కింద గెడ్డ (వాగు) ఒడ్డున మేట వేసింది. తప్పు రెండు చోట్ల ఉంది. నిట్టవాలులో దారి పెట్టడం మొదటిది. తవ్విన దారి ఉపరితలాన్ని తీర్చిదిద్దకుండా వదిలేయడం రెండవది. మొదటి తప్పును దారి గీత మార్చి సరిచేసుకోవచ్చు. రెండవదాన్ని సరిచేయడానికి పార చాలదు, ఎందుకంటే పార తవ్వుతుంది గానీ చదును చేయదు, ఆకులను లాగదు.

దారి గీత సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఎంత మంచి పనిముట్టయినా వృథా. కొండ వాలు ఎంత ఉందో కొలిచి, దారి ఎక్కే వాలు అందులో సగానికి మించకుండా చూసుకోవాలి. కొండ 100 అడుగులకు 30 అడుగులు లేస్తే దారి 15 అడుగులకన్నా తక్కువే ఎక్కాలి. అంతకు మించితే నీరు దారికి అడ్డంగా దాటిపోకుండా దారి వెంటే పారుతుంది. దారి మొత్తం మీద సగటు వాలు 100కి 10 దాటకపోతే మంచిది. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఉపాధి హామీ పనుల్లో కొండ వాలున కందకాలకు గుర్తులు పెట్టిన అనుభవం ఉన్న ఒకావిడ మా తోటలో జీడిపిక్కల ఏరివేతకు వస్తారు. రెండు కర్రలు, ఒక అడ్డకర్ర, రాయి కట్టిన దారం, వీటితో చేసిన ఎ-ఫ్రేముతో సమమట్టపు గీతను ఎలా పట్టుకోవాలో ఆమే మాకు చూపించారు. వాన నీటిని నిలిపే కందకానికీ, వాన నీటిని వదిలించుకునే దారికీ కొలత ఒకటే, ఉద్దేశమే వేరు.

ఇక పనిముట్టు విషయానికి వస్తే, నాకు ఇది రెండవది. మొదటిదాన్ని పట్టణంలో ఒక వెల్డింగు షాపులో 900 రూపాయలకు చేయించాను. లారీ కమాను పట్టీ ముక్కకు 8 మి.మీ. ఇనుప చువ్వ ముక్కలను పళ్ళుగా అతికించి, పైన గొట్టం వెల్డు చేశారు. చూడటానికి పటిష్ఠంగానే ఉంది. గులకరాయి నేలలో నాలుగు రోజులు లాగేసరికి పళ్ళు ఒకవైపు వంగిపోయాయి, మూడవ వారంలో పలక వెల్డు పక్కనే విరిగింది. కారణం తర్వాత తెలిసింది. కమాను పట్టీ కర్బనం ఎక్కువగా ఉన్న స్ప్రింగు ఉక్కు. దానిని ముందుగా వేడి చేయకుండా వెల్డు చేసి గాలికి వదిలేస్తే, అతుకు పక్కన ఉన్న సన్నని పట్టీ మేర ఉక్కు గాజులా పెళుసుబారుతుంది. చువ్వది వేరే సమస్య, అది మెత్తని ఇనుము. పదే పదే రాయికి తగిలితే వంగక తప్పదు.

రెండవదాన్ని మా మండలంలోని ఒక కమ్మరి కొలిమిలో చేయించాను. 1,600 రూపాయలు తీసుకున్నారు, ఆరు రోజులు పట్టింది. ఆయన వెల్డింగు మాటే ఎత్తలేదు. లారీ పట్టీ మందం ఎక్కువని పక్కన పెట్టి, పాత జీపు కమాను పట్టీని ఎంచుకున్నారు. 11 అంగుళాల పొడవు ముక్కను కాల్చి, అంచు వైపు సాగగొట్టి సన్నబరిచారు. ఆ పొడవే పనిముట్టుకు పదును వెడల్పు అవుతుంది. మరో పట్టీ ముక్కను కాల్చి, ఉలితో కోసి ఆరు పళ్ళు తీశారు. ఒక్కో పన్ను 3 అంగుళాల పొడవు ఉంటుంది, మొదలు వెడల్పుగా, కొన మొద్దుగా ఉంటుంది. రెండింటినీ మధ్యలోని మందపాటి పలకకు ఆరు రివిట్లతో బిగించి, ఆ పలక పైన కామ దూర్చే కన్ను తీర్చారు. పదును అంచును మాత్రమే మళ్ళీ కాల్చి నీటిలో ముంచి గట్టిపరిచి, మిగిలిన తలను అలాగే వదిలేశారు. రాయికి తగిలినప్పుడు తల మొత్తం పెళుసుగా ఉండకూడదని ఆయన వివరించారు. కామతో కలిపి బరువు 2.6 కిలోలు, మొదటిది 3.4 కిలోలు ఉండేది. రోజంతా ఎత్తి దించే పనిముట్టులో ఈ 800 గ్రాముల తేడా సాయంత్రానికి భుజాలకు తెలిసిపోతుంది.

చేసేటప్పుడు ఆయనకు ఒక అభ్యంతరం ఉండేది. "బాబూ, ఇంత నిటారుగా ఉంటే మట్టి తెగదు. పార కొంచెం లోపలికి వాలాలి" అన్నారు. తల బల్లపరుపుగా లేకపోతే దిమ్మిసకు పనికిరాదని నేను పట్టుబట్టాను, ఆయన నా మాట ప్రకారమే చేశారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని ఆ తర్వాత వాడుకలో అర్థమైంది.

కామ విషయంలో కొంత తంటా పడ్డాను. తోటలో చేతికి అందుతుంది కదా అని మొదట సరుగుడు కర్ర వేశాను. వేసవి ఎండకు అది నిలువునా చీలింది. తర్వాత లోపల బోలు లేని గట్టి వెదురు వేశాను. అది తేలిక, చేతికి హాయి, కానీ కన్ను దగ్గర నలిగి వదులవుతుంది. ఇప్పుడున్నది బాగా ఆరిన తుమ్మ కర్ర, 50 అంగుళాలు. కన్నులో పై నుంచి ఒక చీల కొట్టి, నెలకొకసారి ఆముదం రాస్తున్నాను. ఏడాదిగా ఇది కదలలేదు. పార కామ కొలతకు అలవాటు పడినవారికి 50 అంగుళాలు ఎక్కువ అనిపించవచ్చు గానీ, ఈ పనిముట్టుతో నడుము వంచకుండా లాగడమే పద్ధతి. పొట్టి కామ వేస్తే దాని ప్రయోజనం సగం పోతుంది.

పళ్ళ పనితనం నన్ను అన్నిటికన్నా తృప్తిపరిచింది. జీడి ఆకు మందంగా, నున్నగా ఉంటుంది. నేల మీద నాలుగైదు పొరలుగా పరుచుకుని అడుగున తేమ పట్టి ఉన్నప్పుడు దాని మీద ముందు చక్రం మంచు మీద ఉన్నట్టు జారిపోతుంది. ఎండినప్పుడు మరో ప్రమాదం, వేడెక్కిన సైలెన్సరుకు తగిలితే అంటుకునే అవకాశం ఉంటుంది. అందుకే దారి 24 అంగుళాలే అయినా ఆకును నాలుగడుగుల మేర లాగేస్తున్నాము. మామూలు తోట దంతె పళ్ళు సన్నగా ఉండి వేళ్ళలో చిక్కుకుంటాయి. వీటి మధ్య ఎడం దాదాపు అంగుళంన్నర కావడంతో ఆకు వస్తుంది, పిడికిలి అంత రాయి వస్తుంది, వేరు మాత్రం దాటిపోతుంది. వేరును కోయకుండా వదలడం మాకు ముఖ్యం. చెట్టు ఆరోగ్యం ఒక కారణం, ఆ వేళ్ళే వాలు మట్టిని పట్టి ఉంచుతాయన్నది మరొక కారణం. ఇద్దరం కలిసి ఒక పూటలో 300 మీటర్ల దారిని శుభ్రం చేయగలుగుతున్నాము. పారతో అదే పనికి రోజున్నర పట్టేది.

పలక వైపు అసలు పని, దారికి బయటి వాలు ఇవ్వడం. వాలు కొండను చెక్కి దారి తీసినప్పుడు, కొండ వైపు అంచు కన్నా లోయ వైపు అంచు కొద్దిగా దిగువన ఉండాలి. 24 అంగుళాల వెడల్పుకు అంగుళంన్నర పల్లం చాలు. అప్పుడు నీరు దారి మీద నిలవకుండా, దారి వెంట పారకుండా, పలచటి పొరగా అడ్డంగా దాటి కిందికి జారిపోతుంది. ఈ అంగుళంన్నర తేడాను పారతో సాధించడం చాలా కష్టం. 11 అంగుళాల పలకను నేలకు ఆనించి తన వైపు లాగుతూ పోతే కంటికి కనిపించేంత నున్నగా వస్తుంది.

కానీ మోటారు సైకిళ్ళ దారి కాలినడక దారి లాంటిది కాదు, ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. నా బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ, దాని బరువు 158 కిలోలు, మనిషితో కలిపితే 230 దాటుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక చక్రం మట్టిని వెనక్కి చిమ్ముతుంది, మలుపుకు ముందు బ్రేకు పట్టినప్పుడు నేల అలలు అలలుగా లేస్తుంది, నడి దారిలో గాడి పడుతుంది. గాడిలోంచి చిమ్మిన మట్టి బయటి అంచున చేరి చిన్న గట్టు కడుతుంది. ఆ గట్టు కట్టిన రోజున బయటి వాలు ఉండీ లేనట్టే, నీటికి బయటికి పోయే దారి మూసుకుపోయినట్టే. మా దారి మీద పనిముట్టుకు అతి ఎక్కువ వాడకం ఇక్కడే. రెండు మూడు వారాలకు ఒకసారి నడుచుకుంటూ వెళ్ళి, ఆ అంచు గట్టును పలకతో లాగి, ఆ మట్టినే గాడిలో నింపి, దిమ్మిస కొట్టడం మా పద్ధతి. కొత్త దారి తవ్వడం కన్నా ఈ అంచు గట్టు తీయడమే దారి ఆయుష్షును నిర్ణయిస్తుందని నా నమ్మకం, మెక్‌లౌడ్ తయారై ఉన్నదే ఈ పనికా అనిపించేంత చక్కగా ఇది కుదురుతుంది.

బయటి వాలు ఒక్కటే చాలదు గనుక నిర్ణీత దూరాలలో నీటి పల్లాలు కూడా పెట్టాము. ఎక్కే దారి ఒక చోట కొద్దిగా దిగి మళ్ళీ ఎక్కితే, గాడిలో పారివచ్చిన నీరు ఆ పల్లం దగ్గర తప్పనిసరిగా బయటికి పోతుంది. వాలు ఎక్కువ ఉన్న చోట్ల 12 నుంచి 15 మీటర్లకు ఒకటి, తక్కువ ఉన్న చోట్ల 25 నుంచి 30 మీటర్లకు ఒకటి వేశాము. మొదట వీటి మిట్టలను మీటరున్నర పొడవుతో పొట్టిగా కట్టాము. వేగంగా వచ్చినవారు వాటిని గెంతుబల్లలుగా వాడుకోవడంతో, బండి దిగిన చోటల్లా గొయ్యి పడి ఆ గొయ్యిలో నీరు నిలిచింది. మిట్టను 5 మీటర్ల మేర సాగదీసిన తర్వాత చక్రాలు నేల వదలడం ఆగిపోయింది. ఇటువంటి సున్నితమైన వంపును చేతితో తీర్చడానికి పలక, పళ్ళు రెండూ మార్చి మార్చి వాడాలి. కామను సగం చుట్టు తిప్పితే చాలు, పనిముట్టు మార్చినట్టవుతుంది.

దిమ్మిసగా దీని పనితనం మధ్యస్థం. పోసిన మట్టిని నాలుగంగుళాల పొరలుగా వేసి, కామను నిలువుగా పట్టి కొడితే దారి ఉపరితలానికి సరిపోతుంది. మలుపుల్లో బయటి వైపు కట్టే ఎత్తైన గట్టుకు ఈ బరువు చాలదు, అక్కడ మేము సిమెంటు నింపిన డబ్బాకు కర్ర గుచ్చి చేసుకున్న అసలైన దిమ్మిసనే వాడుతున్నాము. ఏ దిమ్మిసకైనా నేల పదునులో ఉండాలి. ఎండిన గరువు మట్టిని ఎంత కొట్టినా పొడిగానే లేస్తుంది, తడిసి ముద్దైనది పలకకు అంటుకుపోతుంది. వాన వెలిసిన రెండు రోజులకు, పిడికిట్లో నొక్కితే ఉండకట్టి, వదిలితే విడిపోయే స్థితిలో చేసిన పని మాత్రమే మాకు నిలిచింది.

ఇది చేయలేని పని కూడా స్పష్టంగా చెప్పాలి. గట్టి నేలను తవ్వడానికి ఇది పనికిరాదు. తల నిటారుగా ఉండటం వల్ల పలక మట్టిలోకి దిగదు, పైపైన చెక్కుకుపోతుంది. కమ్మరి ముందే చెప్పినది ఇదే. కొండను కోసి దారి తీయడానికి ముందు గునపం, తర్వాత పార, ఆ తర్వాతే ఇది. బండరాళ్ళ మీద కొట్టి చూడాలనే ఉత్సాహం ఉన్నవారి చేతికి దీనిని ఇవ్వవద్దు. మా దాని పదును రెండు చోట్ల చిట్లింది అలాగే. ఆకురాయితో సానపట్టి సరిచేసుకున్నాము గానీ అర అంగుళం పలక తగ్గిపోయింది. మోసుకెళ్ళడమూ అనుకూలం కాదు. తలకు తొడుగు లేకుండా బండి మీద వీపుకు కట్టుకుని వెళ్ళడం ప్రాణాపాయం, పడితే ఆరు పళ్ళూ మన వైపే ఉంటాయి. పాత టైరు ట్యూబును కోసి తొడుగు కుట్టించుకున్నాను, అయినా దీనిని ఇప్పటికీ నడిచే తీసుకెళ్తున్నాను.

ఈ దారి మీద బండి నడిపితే ఎలా ఉంటుందన్నది కూడా పనిముట్టు సమీక్షలో భాగమే అనుకుంటాను. పాత దారి మీద 21 అంగుళాల ముందు చక్రం, 220 మి.మీ. నేల ఎత్తు ఉన్నా కోత పడిన చోట ప్రతిసారీ కాళ్ళు దించవలసి వచ్చేది. ఇప్పుడు మొదటి గేరులో, రెండవ గేరులో నిలబడి నడుపుతూ మొత్తం చుట్టును కాలు దించకుండా పూర్తి చేయగలుగుతున్నాను. బయటి వాలు మీద చక్రం లోయ వైపు లాగుతుందేమోనన్న భయం మొదట ఉండేది. అంగుళంన్నర తేడా బండికి తెలియనే తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. రెండవ వానాకాలం ముగిశాక నడిచి చూస్తే, తిరిగి మట్టి పోయవలసి వచ్చిన చోట్లు మొత్తం దారిలో ఏడు. మొదటి ఏడాది దారిలో చెక్కుచెదరని చోట్లు అన్ని కూడా లేవు.

జీడి పూత మొదలైనప్పటి నుంచి పిక్కల ఏరివేత ముగిసేదాకా, అంటే జనవరి నుంచి మే వరకు దారిని మూసేస్తాము. నేల మీద రాలిన పిక్కే ఆ ఇంటి ఏడాది ఆదాయం. గట్టి వాన పడిన తర్వాత రెండు రోజులు కూడా బండ్లు దించము. ఇది సొంత భూమి, పెదనాన్నగారి అనుమతితో చేసిన పని. ఆనుకుని ఉన్న రిజర్వు అడవిలోకి మా దారి ఒక్క అడుగు కూడా పోదు. అక్కడ అనుమతి లేకుండా చెట్టు కొట్టడం, నేల తవ్వడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. అంతకన్నా ముందు, ఒక గాడిని మనం నెల నెలా సరిచేయలేని చోట దానిని మొదలుపెట్టకూడదు.

తోటగానీ మెట్ట పొలంగానీ సొంతంగా ఉండి, దారి వేసుకోవాలన్న కోరిక ఉన్నవారికి ఈ పనిముట్టును నిస్సంకోచంగా చేయించుకోమంటాను. వెల్డింగు వద్దు, రివిట్లే పెట్టించండి. పళ్ళను కూడా కమాను పట్టీతోనే చేయమనండి. బరువు 3 కిలోలు దాటనివ్వవద్దు. మీ ఊళ్ళో కొలిమి ఇంకా వెలుగుతూ ఉంటే బొమ్మ గీసి తీసుకెళ్ళి, కొలతల విషయంలో మాత్రం ఆయన చెప్పేది పూర్తిగా వినండి.

మూడవదానికి ఈ మధ్యనే చెప్పి వచ్చాను. తల అంతా బల్లపరుపుగానే ఉంటుంది, పదును వైపు చివరి అంగుళం మాత్రం ఆయన మొదట్లో అడిగినట్టే కొద్దిగా లోపలికి వంచుతారు. పలక వెడల్పు ఈసారి 9 అంగుళాలు. వానలు మొదలయ్యేలోపు ఇస్తామన్నారు.